విమానానికి పల్లె వెలుగు

మన దేశాన్ని పీడిస్తున్న సమస్యల్లో ట్రే గొళ్లెం కూడా ఒకటని మొన్నటిదాకా నాకు తెలియదు. శంషాబాదులో ఢిల్లీ విమానం ఎక్కి కూర్చున్నాను. బండి ఇంకా కదలనే లేదు, ముందు సీటు వీపుకున్న ట్రే టపీమని నా మోకాళ్ల మీద పడింది. పైకెత్తి గొళ్లెం తిప్పాను. మళ్లీ పడింది. గొళ్లెం తిరుగుతోంది కానీ దేన్నీ పట్టుకోవడం లేదు, ఎండాకాలంలో మా వీధి కుళాయి తిరిగినట్టు. ఎయిర్ హోస్టెస్ వచ్చి, సారీ చెప్పి, తెల్ల టేపు తెచ్చి ట్రేకు నిలువునా అడ్డంగా అంటించి పోయింది. చేయి విరిగిన పిల్లాడికి కట్టు కట్టినట్టుంది. రెండు గంటలు ఆ కట్టునే చూస్తూ, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉగ్గాణి డబ్బా ఒళ్లో పెట్టుకుని తిన్నాను. పక్కాయన మాత్రం తన ట్రే మీద నీళ్ల సీసా, ఫోను, చివరికి గడ్డం కూడా ఆనించుకుని నిద్రపోయాడు.

కర్నూలు తిరిగొచ్చాక ఈ విషయం మీద ఏకసభ్య సంఘం వేశాను. వేసింది నేనే, సభ్యుణ్ణి నేనే, చాయ్ ఖర్చూ నాదే. విమానం లోపలి సామాను, అంటే సీట్లు, తివాచీలు, ట్రేలు, టాయిలెట్లు, వీటి మరమ్మతు ఖర్చు తగ్గించే మార్గం కనిపెట్టడం సంఘం బాధ్యత. సర్కారు వేసే సంఘాలు గడువు మూడుసార్లు పొడిగించుకుంటాయి. నేను ఒక్క ఆదివారంలో ఇద్దరు సాక్షులను విచారించాను. ఒకడు మా మేనల్లుడు. విమానాలు రిపేరు చేసే హ్యాంగర్లో పని, పండక్కి ఊరికొచ్చాడు. రెండో సాక్షి బళ్లారి చౌరస్తా దగ్గర సీటు కవర్లు కుట్టే భాయ్. కర్నూలులో మీరు ఏ ఆటోలో కూర్చున్నా సగం మటుకు ఆయన కుట్టు మీదే కూర్చుని ఉంటారు.

మేనల్లుణ్ణి ముందు పిలిచాను.

"ఒరే, ఆ ట్రే గొళ్లెం ఎంతుంటుందిరా?"

"ధర అడగొద్దు మామా, బీపీ పెరుగుతుంది."

ప్లాస్టిక్ ముక్క గొప్పదేం కాదట. దాంతోపాటు వచ్చే కాగితాలది ధర. ముక్క ఎవరు చేశారు, ఏ బ్యాచి, ఏ పరీక్ష పాసయింది, ఎవరు సంతకం పెట్టారు అన్నీ ఉండల్ల. కాగితం లేని ముక్క బంగారంతో చేసినా విమానంలో బిగించకూడదు. "ముక్క జేబులో పడుతుంది మామా, కాగితాలకే సంచి కావల్ల" అన్నాడు. పైగా సీటు చేసిన కంపెనీయే దాని విడిభాగాలూ అమ్ముతుంది. ఊళ్లో ఒకటే అంగడి ఉంటే ఉప్పు ధర ఎవరు నిర్ణయిస్తారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి అమెరికావాళ్లు ఒక దారి పెట్టుకున్నారు. వేరే కంపెనీ అదే ముక్కను తయారు చేసి, అసలుదానికి ఏ మాత్రం తీసిపోదని అక్కడి విమానయాన శాఖ ముందు రుజువు చేసుకుంటే, అమ్ముకోవడానికి అనుమతి ఇస్తారు. దాన్ని పీఎంఏ అంటారు. గొళ్లేలు, మోచేయి ఆనించే పిడికి వేసే మూతలు, కుర్చీ అంచు ప్లాస్టిక్కులు ఈ దారిన చాలా చౌకగా దొరుకుతాయట. కొన్ని ముక్కలనైతే ఇప్పుడు త్రీడీ ప్రింటర్లో అచ్చు వేసుకుంటున్నారు. డూప్లికేటు పార్టు వేయడం మనవాళ్లు కనిపెట్టిన విద్య అని ఇన్నాళ్లూ గర్వపడుతున్నాను. వాళ్లు దానికి పరీక్ష పెట్టి, ముద్ర కొట్టి, మనకన్నా ముందుకు పోయారు.

ఇక భాయ్. ఆయన్ను విచారించడానికి అంగడికే పోయాను. కుట్టు మిషను ఆపకుండానే వాంగ్మూలం ఇచ్చాడు.

"ఏం బండి సార్?"

"విమానం."

కన్ను కూడా ఎత్తలేదు. "ఎన్ని సీట్లు?"

"నూట ఎనభై."

"ఫోము మార్చల్లా, ఉన్నదాని మీదే కవరా? పైపింగ్ కావల్లా? బండి ఈడికి తెస్తారా, నేనే రావల్లా?"

సీట్లు విప్పి లారీలో వేసుకొస్తే వారంలో ఇస్తానన్నాడు. రంగు తప్పితే మరో ప్రశ్న అడగలేదు. నేను మేనల్లుడి వైపు విజయగర్వంతో చూశాను. వాడు నవ్వాడు. కవర్లు వాళ్లూ అట్లాగే మారుస్తారట. ప్రతి సీటుకూ రెండో జత ఉంటుంది. కవరు వెల్క్రోతో అతుక్కుని ఉంటుంది కాబట్టి రాత్రిపూట విమానం నిలబడ్డప్పుడు పరపరా పీకి, ఉతికినది తొడిగేస్తారు. బట్ట కవరయితే మరకపడ్డ ప్రతిసారీ ఉతుక్కి పోవాలి, తోలుదయితే తుడిస్తే చాలు. విమానంలో తోలు సీటు చూసి దర్జా అనుకునేవాణ్ణి. దర్జా కాదట, తడిగుడ్డ.

ఇక్కడే నాకు జ్ఞానోదయమైంది. ప్రపంచం కోట్లు పోసి కనిపెడుతున్న పొదుపు సూత్రాలన్నీ మన పల్లె వెలుగు బస్సులో ఎప్పటి నుంచో అమల్లో ఉన్నాయి. ఐర్లండు వాళ్ల రయానెయిర్ విమానాల్లో సీటు వెనక్కి వాలదు. వాలే సీటుకు మీట కావాలి, స్ప్రింగు కావాలి, అవి చెడిపోతాయి. లేనిది చెడిపోదు. సీటు వెనక జేబు కూడా పీకేశారు, భద్రతా సూచనల కార్డును సీటు వీపుకే అంటించారు. ఇంకొన్ని సంస్థలు ఈ వాలని సీటుకు ముందే వాల్చి ఉంచిన సీటు అని పేరు పెట్టాయి. ఆ పేరు పెట్టినవాడికి జోహార్లు. మా ఆదోని బస్సులో సీటు పుట్టినప్పటి నుంచీ వాలలేదు, జేబు ఎరగదు, కానీ దానికి పేరు పెట్టాలని మనకు తోచలేదు. తోచి ఉంటే ఆర్టీసీ ఈపాటికి యూరపుకు సలహాలు అమ్ముకునేది.

ఆ జేబు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో లోకం కనిపిస్తుంది. చౌక విమానం దిగి మళ్లీ ఎగరడానికి మధ్య దొరికేది అరగంట. ఆ అరగంటలో ప్రతి జేబులో చేయి పెట్టి చూడాలి. మేనల్లుడి స్నేహితుడికి చేతికి తగిలినవి: వాడేసిన డైపరు, అరటి తొక్క, సగం తిన్న పులిహోర పొట్లం, ఒక పంటి సెట్టు. పంటి సెట్టు ఎవరూ వెతుక్కుంటూ రాలేదట. మన బస్సులో జేబు లేదు కాబట్టి అంతా నేల మీదే ఉంటుంది, దాపరికం లేకుండా. కర్నూలు నుంచి డోన్ చేరేలోపు కాళ్ల కింద బుడ్డల పొట్టు చీలమండల దాకా వస్తుంది. కండక్టరు దాని మీద నడుస్తుంటే కరకరమని ఆయన ఎక్కడున్నాడో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. టికెట్టు తీయని వాళ్లకు అదే హెచ్చరిక.

పొదుపులో విదేశీయులకు పట్టుదల ఉందని ఒప్పుకోవాలి. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ ప్రయాణికుల సలాడులో ఒక్క ఆలివ్ కాయ తీసేయించి ఏడాదికి 40,000 డాలర్లు మిగిల్చాడని చెప్పుకుంటారు. మా వీధి ఉగ్గాణి బండి ఆయన ఉల్లిపాయ ధర పెరిగినప్పుడల్లా అదే పని చేస్తాడు. ఆయన గురించి ఎవరూ చెప్పుకోరు, తిట్టుకుంటారు.

తివాచీ దగ్గర మాత్రం సంఘానికి కొంత ఇబ్బంది ఎదురైంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద హైదరాబాదు నుంచి కడపకు విమానం ఎగిరింది. హవాయి చెప్పులు వేసుకునేవాళ్లూ విమానం ఎక్కాలని ప్రధానమంత్రి అన్నారు. 2021 మార్చిలో మా ఓర్వకల్లుకూ విమానాలు వచ్చాయి. మంచిదే. కానీ చెప్పు ఒక్కటే రాదు కదా, చెప్పుకు అంటుకున్న నల్లరేగడి కూడా ఎక్కుతుంది. వాన పడ్డ రోజు మా నేల మీద నడిస్తే మనిషి రెండంగుళాలు పొడుగవుతాడు. దారి మధ్య తివాచీ త్వరగా అరుగుతుందని, సీట్ల కిందిది అంత అరగదని, రెండూ వేర్వేరు ముక్కలుగా పరుస్తారట, నడిచేదాన్నే మార్చుకోవచ్చని. మరక కనపడని రంగులూ గీతలూ ఏరుకుంటారట. నా సిఫారసు సూటిగా ఉంది. తివాచీ తీసేసి కడప బండలు పరచండి. తరాలు మన్నుతాయి. విమానం లేస్తుందా లేదా అన్నది ఇంజను వాళ్ల సమస్య, సంఘం పరిధిలోకి రాదు.

టాయిలెట్టు గురించి పెద్దగా రాయను, ఆదివారం భోజనం తర్వాత చదివేవాళ్లుంటారు. గొట్టాల్లో గార పేరుకుంటుందని, మనం ఒలకబోసే నీళ్లూ కాఫీలూ అడుగుకు దిగి నేల కింది లోహాన్ని తినేస్తాయని, పెద్ద తనిఖీకి వచ్చినప్పుడు సీట్లు పీకి ఆ తుప్పు చూస్తారని మేనల్లుడు చెప్పాడు. కానీ టాయిలెట్టు తలుపుకు బూడిద గిన్నె ఎందుకుందో నాకు అర్థం కాలేదు. విమానంలో పొగ తాగడం నేరం. పక్కనే బొమ్మ వేసి కొట్టివేసి ఉంటుంది. దాని కింద సిగరెట్టు ఆర్పుకోవడానికి గిన్నె. అది ఊడిపోతే గడువులోపు కొత్తది పెట్టాలట. ఇదిగో, దొరికింది దుబారా అనుకున్నాను. నూరు విమానాలకు నూరు గిన్నెలు పీకేయండి అని రాసుకున్నాను కూడా.

"అది తీయకూడదు మామా. వద్దన్నా తాగేవాడు ఒకడుంటాడు. గిన్నె లేకుంటే కాగితాల బుట్టలో పడేస్తాడు" అన్నాడు వాడు.

1973 జూలై 11న బ్రెజిల్ వారిగ్ సంస్థ విమానం పారిస్ దగ్గర దిగబోతుండగా వెనక టాయిలెట్టులో మంట లేచింది. 123 మంది చనిపోయారు, ఎక్కువ మంది పొగకే. బుట్టలో పడిన సిగరెట్టు మీద అనుమానం. రాసుకున్నది కొట్టేశాను.

అయినా విమానం సీట్లకు ఆటో రెక్సిన్ వేయించాలన్న పట్టు మాత్రం వదల్లేదు. భాయ్ అంగడిలో చుట్టలు చుట్టలుగా ఉంది, మెరుస్తోంది, మీటరు ధర నవ్వొచ్చేంత తక్కువ. ఇదే వేస్తే ఏమవుతుందిరా అన్నాను. వాడు మాట్లాడకుండా ఒక పేలిక కత్తిరించి, భాయ్ కటింగ్ ప్లేయరుతో పై అంచు పట్టుకుని నిలువుగా వేలాడదీశాడు. కింది అంచుకు లైటరు పెట్టి పన్నెండు లెక్కపెట్టాడు, తీసేశాడు.

విమానం సీటు బట్టకు ఇదే పరీక్ష. పన్నెండు సెకన్లు మంట చూపి తీసేస్తే, పదిహేను సెకన్లలోపు దానంతటదే ఆరిపోవాలి. కాలిన మేర ఎనిమిది అంగుళాలు దాటకూడదు. కారిన చుక్క ఐదు సెకన్లకు మించి మండకూడదు. లోపలి దిండుకు ఇంకా గట్టి పరీక్ష వేరే ఉంది, రెండు నిమిషాలు బర్నరు ముందు పెడతారు.

మా పేలిక ఆరలేదు. పాములాగా మెలికలు తిరుగుతూ పైకి పాకింది. నల్లటి చుక్కలు గడప బండ మీద పడ్డాయి, పడ్డ ప్రతి చుక్కా చిన్న దీపంలాగా వెలుగుతూనే ఉంది. భాయ్ మిషను ఆపి తనూ లెక్కపెట్టాడు. పదిహేను దాటింది. ఇరవై దాటింది. ఇంక లెక్క మానేసి చెప్పుతో తొక్కాడు. అంగడంతా చేదు వాసన, కళ్లు మండాయి.

1983 జూన్ 2న ఎయిర్ కెనడా విమానంలో మంట లేచింది. పైలట్లు సిన్సినాటిలో క్షేమంగా దించారు కూడా. తలుపులు తెరిచాక నిమిషం, నిమిషంన్నర లోపు లోపలంతా భగ్గుమంది. 46 మందిలో 23 మంది బయటికి రాలేదు. దిండు మీద నిప్పు ఆపే పొర, చీకట్లో దారి చూపే నేల దీపాలు, టాయిలెట్టులో పొగ పసిగట్టే పరికరం తప్పనిసరి అయ్యింది దాని తర్వాతే. మేనల్లుడు చెప్పిన ఆ సంచెడు కాగితాల్లో కొన్ని ఇట్లాంటి మంటల్లోంచే వచ్చాయి.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మా చిన్నటేకూరు దగ్గర హైవే మీద స్లీపర్ బస్సు తగలబడింది. ఎంతమంది బయటికి రాలేకపోయారో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అంగడిలో ముగ్గురమూ అదే అనుకున్నాం, ఎవరూ పైకి అనలేదు. కాసేపటికి భాయ్ అన్నాడు:

"ముప్పై ఏండ్లాయె సార్ కుట్టబట్టి. వచ్చినోళ్లంతా రంగు అడిగినారు, రేటు అడిగినారు. ఇది ఒక్కరూ అడగల్యా."

సంఘం ఆ పూటకు విచారణ వాయిదా వేసింది.

వారం తర్వాత నా స్కూటరు సీటు చిరిగితే మళ్లీ పోయాను. భాయ్ రెండు చుట్టలు దించాడు. రంగు అడగలేదు. రెండింట్లోంచి చెరో పేలిక కోసి, ప్లేయరుతో పట్టుకుని, లైటరు వెలిగించి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాడు. మొదటిది ఇరవై దాటినా మండుతూనే ఉంది. రెండోది పదమూడుకు ఆరింది.

"అది రెండొందలు సార్. ఇది రెండొందల ఎనభై."

నేను రెండోదాన్ని చేత్తో తడిమి చూసి, వెలుతురులో పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, గంభీరంగా అన్నాను:

"రెండొందల ఇరవైకి వేసెయ్యి భాయ్."