‘వాన్ పలియాకట్టా’ ఇంటిపేరు కాదు

మన వైపు ఇంటిపేరు చెప్పగానే పెద్దవాళ్లు ఊరు పట్టేస్తారు. ఆ అలవాటుతోనే కేప్‌టౌన్ పాత కాగితాల్లో ‘కాతరీనా వాన్ పలియాకట్టా’ (డచ్చిలో ‘వాన్’ అంటే ‘నుంచి’, ‘పలియాకట్టా’ అంటే పులికాట్) అనే బానిస పేరు కనిపించగానే పులికాట్ అమ్మాయని తేల్చేస్తాం. అక్కడే పొరబడుతున్నాం.

దక్షిణాఫ్రికా కొసన కేప్ దగ్గర డచ్చి ఈస్టిండియా కంపెనీ 1652లో స్థావరం పెట్టింది. 1808 దాకా సుమారు 63 వేల మంది బానిసలను అక్కడికి తెచ్చారని, వాళ్లలో నాలుగోవంతు మంది భారతీయులేనని చరిత్రకారుల అంచనా. పేర్ల చివర బెంగాల్, మలబార్, కోరమాండల్ అని ఉంటుంది. అవి చాలాసార్లు ఓడెక్కించిన రేవునో, తీరాన్నో చెబుతాయి తప్ప పుట్టిన ఊరిని కాదు. కన్నవాళ్లు పెట్టిన పేరు ముందే పోయింది. కొందరికైతే ఏదో నెల పేరు తగిలించారు. సెప్టెంబర్, ఫిబ్రవరి అన్నవి నేటికీ అక్కడ ఇంటిపేర్లుగా ఉన్నాయి.

కాతరీనా గురించి నాలుగు మాటలైనా తెలిశాయంటే కారణం కోర్టు కేసు. తనతో ఉన్న మనిషి చావుకు కారకురాలని బటావియాలో (నేటి జకార్తా) ఆమెకు మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని తగ్గించి కేప్‌కు పంపేశారు. 1657లో ఆమె అక్కడికి చేరింది. కోర్టు మెట్లెక్కకుండా బతికినవాళ్ల గురించి ఈమాత్రం కూడా మిగల్లేదు. ఇది తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

పులికాట్‌లో డచ్చివాళ్ల శ్మశానం ఇప్పటికీ ఉంది. గేటుకు అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు. లోపల సమాధి రాళ్ల మీద పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు శ్రద్ధగా చెక్కారు.

ఆ రేవు వెనక తెలుగు, తమిళం రెండూ మాట్లాడే పల్లెలు. 1646 కరువులాంటి రోజుల్లో తిండి లేక జనం తమను తామే అమ్ముకున్నారు, పిల్లల్నీ అమ్ముకున్నారు. ఎక్కడెక్కడి నుంచో నడిచొచ్చి తీరానికి చేరారు. అందుకే కాతరీనా తెలుగామె అని నేను రాయను, కాదనీ అనను. డీఎన్‌ఏ పరీక్ష కూడా ప్రాంతం దాకా తీసుకెళ్తుందేమో గానీ, ఊరి పేరు చెప్పదు.

వెతుకులాట ఈ ఒడ్డు నుంచే మొదలవ్వాలి. మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం డచ్చి స్థావరాల ఉత్తరాలు, లెక్కలు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని కేప్‌లోని అమ్మకం పత్రాల పక్కన పెట్టి చదవాలి. ఏ ఏడు కరువొచ్చింది, ఏ ఓడ కదిలింది, ఎంతమందిని ఎక్కించారు అన్నది చూడాలి. దానికి పాత డచ్చి చేతిరాత చదవగల తెలుగు పిల్లలు కావాలి. మన యూనివర్సిటీలు కనీసం నలుగురైదుగురికైనా ఆ చదువు చెప్పించాలి.