పదమూడు టికెట్లు కొంటే ప్రైజ్ ఖాయమా?

పోయిన ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న ఆ యూరప్ లాటరీ, యూరోమిలియన్స్ టికెట్లు పదమూడు కొంటానంటున్నార్రా, ఎవరో ఏజెంటట. నువ్వు అక్కడే ఉంటావు కదా, కాస్త చెప్పు" అంది. ఆయనకొచ్చిన వాట్సాప్ మెసేజ్ నాకూ పంపింది. మా బంధువుల గ్రూపుల్లో అప్పటికే అది మూడుసార్లు కనిపించింది. అందులో ఉన్నవి నాలుగు మాటలు.

"పదమూడులో ఒక టికెట్‌కు ప్రైజ్ వస్తుంది, కాబట్టి పదమూడు కొంటే ఒకటి ఖాయం." నమ్మించేది ఈ మాటే, ఎందుకంటే ఇందులో సగం నిజం. 1 నుంచి 50 లోపు ఐదు నంబర్లు, 1 నుంచి 12 లోపు లక్కీ స్టార్లనే ఇంకో రెండు నంబర్లు ఎంచుకోవాలి. ఏదో ఒక ప్రైజ్ తగిలే అవకాశం సుమారు 13లో 1, అది సరైన లెక్కే. కానీ పదమూడు కొంటే ఒకటి తగిలి తీరుతుందని కాదు. వైకుంఠపాళి పెట్టెలోంచి పాచిక తీసి ఆరుసార్లు వేయమన్నాను పెదనాన్నని. ఆరు ఒక్కసారి కూడా పడలేదు. అలా జరగడం వింతేమీ కాదు, మూడింట ఒక వంతు సార్లు అంతే. పదమూడు టికెట్లదీ అదే కథ: వందమంది తలా పదమూడు కొంటే సుమారు 35 మందికి ఏమీ రాదు. మిగతావాళ్ళలో చాలామందికి వచ్చేది రెండు నంబర్లు కలిసినందుకిచ్చే చిన్న ప్రైజ్, మామూలుగా నాలుగు యూరోల దరిదాపుల్లో ఉంటుంది. నేనుండే డబ్లిన్‌లో కిరాణా షాపు కౌంటర్ దగ్గర ఒక్కో లైనుకి, అంటే ఒక సెట్ నంబర్లకి, రెండున్నర యూరోలు తీసుకుని చిన్న కాగితం ముక్క ఇస్తారు. పదమూడుకి 32.50 అవుతుంది.

ఇక జాక్‌పాట్, అంటే ఐదు నంబర్లు, రెండు స్టార్లు అన్నీ కలిస్తే వచ్చే పెద్ద ప్రైజ్. ఐదు నంబర్లు ఎంచుకునే తీరులు 21,18,760, స్టార్ల జతలు 66. రెంటినీ గుణిస్తే 13,98,38,160. అందులో మీది ఒకటి. అన్నీ కొనేద్దామంటే దాదాపు 35 కోట్ల యూరోలు కావాలి, జాక్‌పాట్ 25 కోట్లు దాటి పెరగదు. పైగా అవే నంబర్లు ఇంకొకరు పెట్టి ఉంటే ఆ డబ్బు పంచుకోవాలి. అమ్మిన టికెట్ల డబ్బులో ప్రైజులకు వెళ్ళేది సగమే.

"చాలాకాలంగా రాని నంబర్లు పెట్టండి." బంతికి జ్ఞాపకం ఉండదు. పోయిన శుక్రవారం ఏది పడిందో మంగళవారం డ్రాకు తెలియదు. నంబర్ల ఎంపికలో తేడా వచ్చేది ఒక్కచోటే: పుట్టినరోజుల వల్ల 31 లోపువి ఎక్కువమంది పెడతారు, గెలిస్తే వాటా తగ్గొచ్చు. గెలిచే అవకాశం మాత్రం ఇసుమంత కూడా మారదు.

"లక్సెంబర్గ్ లాంటి చిన్న దేశంలో కొంటే పోటీ తక్కువ." 2004లో ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్ కలిసి మొదలుపెట్టిన ఈ ఆటలో ఇప్పుడు తొమ్మిది దేశాలున్నాయి. డ్రా మాత్రం అందరికీ ఒకటే, పారిస్‌లో తీస్తారు. టికెట్ ఎక్కడ కొన్నా అవే బంతులు, అదే జాక్‌పాట్. దేశాన్ని బట్టి మారేది పన్ను: బ్రిటన్‌లో గెలుపు మీద లేదు, స్పెయిన్‌లో 40,000 యూరోలు దాటిన మొత్తం మీద 20 శాతం.

"ఇండియాలో కూర్చునే ఏజెంట్ ద్వారా కొనొచ్చు." నాకు టెన్షన్ పుట్టించింది ఇదే. విదేశీ మారకద్రవ్య నిబంధనలు (2000) లాటరీ టికెట్లు కొనడానికి దేశం బయటికి డబ్బు పంపడాన్ని నేరుగా నిషేధించాయి. ఏజెంట్ పంపే ఫొటోలోని టికెట్ మీ చేతిలో ఉండదు, అసలు కొన్నాడో లేదో తెలుసుకునే దారీ ఉండదు. కొన్నాళ్ళకి "మీకు ప్రైజ్ తగిలింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే అది మోసమే. ఇక్కడ గెలిచినవాళ్ళు డబ్బు తీసుకోవడానికి ముందుగా ఎవరికీ ఫీజు కట్టరు.

పెదనాన్న ఇంకా పంపలేదు, అది అదృష్టం. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే వాళ్ళని తిట్టకండి. మెసేజ్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా ఉంచి, ఆలస్యం చేయకుండా 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించండి, బ్యాంకుకీ చెప్పించండి.