‘లేకపోతే’కు ఏడేళ్లు

మన భాషలో పోలీసు రికార్డుకెక్కాల్సిన మాట ఒకటుంది: ‘లేకపోతే’. చూడ్డానికి అమాయకంగా రెండు వాక్యాల మధ్య కూర్చుని ఉంటుంది. చేసే పని మాత్రం వేరు.

మీ గుట్టు నాకు తెలిసిందనుకోండి. అది నిజమై, బయటపెడితే నలుగురికీ మేలు జరిగేదైతే, చెప్పినందుకు నన్ను జైల్లో వెయ్యరు. మిమ్మల్ని డబ్బు అడిగాననుకోండి. అడగడం నేరం కాదు, ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఈ రెంటినీ ‘లేకపోతే’తో కలిపి కుట్టానా, ఇక ముద్దాయినే. తప్పు కాని పనులు రెండు కలిస్తే తప్పు ఎలా పుడుతుందని న్యాయపండితులు జుట్టు పీక్కుని, చివరికి దానికి ‘బ్లాక్‌మెయిల్ పారడాక్స్’ అని పేరు పెట్టి ఊరుకున్నారు.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో దీనికో ఉదాహరణ ఉంది. డబ్బివ్వకపోతే పరువు తీసే రాతలు అచ్చేస్తానని ఎ అనేవాడు జెడ్‌ని బెదిరించి సొమ్ము గుంజుతాడు. 2024లో కొత్త న్యాయ సంహిత వచ్చింది. 308వ సెక్షన్‌లో మళ్లీ ఆ ఎ, ఆ జెడ్! గరిష్ఠ శిక్ష మాత్రం మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెరిగింది. బ్రిటన్‌లోనైతే పద్నాలుగేళ్ల దాకా పడొచ్చు. ఎ గాడికి నూట అరవై ఏళ్లయినా బుద్ధి రాలేదు, జెడ్‌కి గుట్లూ తగ్గలేదు.

చదువుకున్నవాళ్లు ఆ మాట నోటితో అనరు. “సార్, మీ మంచి కోరి చెబుతున్నా, రోజులు బాగాలేవు” అని ఆగుతారు. ఆ ఆగడంలో ‘లేకపోతే’ కోర్టుకి కూడా వినిపిస్తుంది. 2009లో అమెరికాలో ఒక టీవీ నిర్మాత ఇంకాస్త కళాత్మకంగా వెళ్లాడు. పేరున్న టీవీ షో వ్యాఖ్యాత డేవిడ్ లెటర్‌మన్ రహస్యాలను సినిమా కథలా రాసిచ్చి, 20 లక్షల డాలర్లు అడిగాడు. దొంగ చెక్కు చేతిలో పెట్టారు. దాన్ని బ్యాంకులో వేసుకుని దొరికిపోయాడు. అది వ్యాపార ఒప్పందమేనని వాదించిన మనిషే తర్వాత నేరం ఒప్పుకున్నాడు, ఆరు నెలల జైలు పడింది.

ఆ వాదన మరీ కొట్టిపారేసేది కాదు సుమా. గుట్టున్న పెద్దమనిషే లాయర్‌ని వెంటబెట్టుకొచ్చి “ఇంత తీసుకుని నోరు మూసుకో” అంటే చాలాసార్లు అది ఒప్పందమే, స్టాంపు పేపరూ ఉంటుంది. నోరు మూసుకోవడానికి ధర ఉండొచ్చు. ఆ ధర ముందు ఎవరు, ఎలా పలికారన్నదే చట్టానికి పట్టింపు.

ఇదంతా ఊరికే చదవలేదు. ఒక సంపాదకుడు నా వ్యాసాల డబ్బు బాకీ పడ్డాడు. “నా బాకీ తీర్చండి, లేకపోతే మీ సంపాదకీయాలు ఎవరు రాస్తారో అందరికీ చెబుతా” అని ఉత్తరం రాసి లాయర్ మిత్రుడికి చూపించాను. బాకీ న్యాయమైనదే, దాంతో ఆ గుట్టుకేం సంబంధమని, దాన్ని కొట్టేసి ‘లేకపోతే కోర్టుకి వెళతాను’ అని మార్చాడు. ‘లేకపోతే’ని మాత్రం ఉంచాడు.

ఉత్తరం ఇప్పుడు పూర్తిగా చట్టబద్ధం. పంపి నాలుగు నెలలైంది. డబ్బు రాలేదు, సంపాదకీయాలు మాత్రం రోజూ వస్తున్నాయి, బాగానే ఉంటున్నాయి కూడా.