మిట్టమధ్యాహ్నం ఈతకొలను తనిఖీ

నిజనిర్ధారణ ఎంత కఠినమైన శాస్త్రమో తెలుసుకోవాలంటే మా మున్సిపాలిటీ వారు ఈతకొలను మీద జరిపిన తనిఖీని చూడాలి. తేల్చవలసిన విషయం ఒక్కటే: పెద్దల ఈత బృందం కొలనును నిజంగా వాడుతున్నదా, లేదా? బృందం ఈదేది ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు. ఆ తర్వాత గేటుకు తాళం పడుతుంది. ఈ వేళలు గేటు పక్క గోడ మీద అడుగెత్తు అక్షరాల్లో ఉన్నాయి. రాయించింది కూడా మున్సిపాలిటీయే. తనిఖీ అధికారులు వచ్చింది మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు.

నల్లగొండ జిల్లాలో మే నెల మధ్యాహ్నం అంటే ఏమిటో తెలిసినవారికి ఆ త్యాగం అర్థమవుతుంది. జీపు దిగినవారు అయిదుగురు. వేపచెట్టు కింద కునుకు తీస్తున్న కాపలాదారును లేపారు.

"ఎవరూ లేరేమిటి?"

"తాళం వేసి ఉంది కదా సార్."

"తాళం ఎందుకు వేశారు?"

"ఎవరూ లేరు కదా సార్."

ఈ జవాబును యథాతథంగా రాసుకున్నారు. తాళం తీయించి, కొలనుకు నాలుగు వైపులా నిలబడి, అక్షాంశ రేఖాంశాలతో సహా ముద్ర పడేలా ఫోనులో ఫొటోలు తీశారు. ఒక ఫొటోలో కాపలాదారు నీడ పడితే వినియోగదారుడిగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉందని అతన్ని పక్కకు జరిపి మళ్ళీ తీశారు. ఇంత జాగ్రత్త మన డ్రైనేజీ పనుల బిల్లుల మీద ఏనాడైనా చూశామా?

తర్వాత లోతు కొలవాలన్నారు. లోతు గోడ మీద రాసే ఉంది. అయినా ప్రభుత్వ పనికి స్వయంగా కొలిచిన అంకె కావాలి. ఇంజనీరుగారు వంగి ఇనుప టేపును నీళ్ళలోకి వదిలారు. అది ఆయన చేతిని కూడా వదిలింది. ఆరడుగుల లోతున, పచ్చటి నీళ్ళ కింద, స్పష్టంగా కనిపిస్తూ పడి ఉంది. అయిదుగురు అధికారులు అయిదు నిమిషాలు దాన్నే చూశారు. ఒకరు ఆకులు తీసే వలకర్రతో ప్రయత్నించారు. వల అడుగును తాకినప్పుడల్లా టేపు మరో జానెడు లోతు వైపుకు జరిగింది. ఒకరు అయస్కాంతం తెప్పిద్దామన్నారు. ఇంకొకరు కొలను మొత్తం తోడించాలంటే మోటార్లకు ఎంత ఖర్చవుతుందో అంచనా వేయమన్నారు. నీళ్ళలోకి దిగవచ్చునన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టినా దిగగలిగినవారు ఆ అయిదుగురిలో లేరు. కాపలాదారుకు ఈత వచ్చు. కానీ అతని నియామకపు కాగితంలో కాపలా అని మాత్రమే ఉందట.

టేపు ఆ రాత్రి అక్కడే నిద్రించింది. మర్నాడు ఉదయం మా బృందంలోని టీచరమ్మ, అరవై దాటిన విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఊపిరి బిగబట్టి ఒక్క మునకలో దాన్ని పైకి తెచ్చారు. తుడిచి, పదిన్నరకు ఆఫీసుకు తీసుకువెళ్ళి అప్పగించారు. "ఒక ఇనుప టేపు ముట్టినది" అని ఆఫీసువారు రసీదు కూడా ఇచ్చారు. ఆ రసీదు ఫైలులో ఉంది. అదే ఫైలులో, దాని తర్వాతి పేజీలో తనిఖీ నివేదిక ఉంది: పెద్దలెవరూ కొలనును వినియోగించుట లేదు.

రెండు కాగితాలూ ఒకే దారంతో కుట్టి ఉన్నాయి. రెండింటి మీదా ఒకే సంతకం.

ఈ శాస్త్రీయ ఆధారంతో పెద్దల ఈతకు కేటాయింపు ఎత్తివేశారు. కొలనును మూసేయడం లేదట. మోటారుకు, క్లోరినుకు, లైఫ్‌గార్డు జీతానికి డబ్బులు ఇవ్వడం మాత్రమే ఆపుతారట. ఊపిరి పీల్చుకోవచ్చు, గాలి మాత్రం ఇవ్వం అన్నమాట. ఈత మానేసి పార్కులో నడవమని సలహా కూడా ఇచ్చారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు బిగుసుకున్న ఒక తరం ఈ జిల్లాలో ఇంకా ఉంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ముప్ఫై ఏళ్ళకే నడుము వంగినవారి ఫొటోలను దేశమంతా చూసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచం మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అంటుంది. ఇలాంటిచోట మోకాళ్ళు పట్టేసిన మనిషిని సిమెంటు పలకల మీద నడవమనడానికి ఎంత పెద్ద చదువు కావాలో! మెడ వరకు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు పదో వంతుకు దిగుతుంది. ఇది మా బృందం కనిపెట్టింది కాదు. ఆర్కిమెడీస్ కనిపెట్టాడు. ఆయన కూడా తనిఖీ వేళకు హాజరు కాలేదు.

ఇక ఖర్చు సంగతి. పొడవు 25 మీటర్లు, వెడల్పు 12.5, సగటు లోతు మీటరున్నర. అంటే సుమారు 4 లక్షల 70 వేల లీటర్లు. "రోజూ ఇన్ని నీళ్ళా!" అని ఒక పెద్దమనిషి సమావేశంలో గుండె మీద చెయ్యి వేసుకున్నారు. రోజూ కాదు మహాశయా. అవే నీళ్ళు ఫిల్టరులో తిరుగుతూ ఉంటాయి. ఎండకు ఆవిరైనంత, ఫిల్టరు కడిగినంత పోస్తే చాలు. పది హార్స్‌పవర్ మోటారు గంటకు ఏడున్నర యూనిట్లు తింటుంది. ఆ లెక్కలు రాసి ఇచ్చాం. చదివారో లేదో గానీ, ఆ సమావేశంలోనే కూడలిలోని ఫౌంటెన్‌కు కొత్త రంగుదీపాలు మంజూరయ్యాయి. ఫౌంటెన్ నీళ్ళలో ఎవరూ ఈదరు కాబట్టి అది సక్రమంగా వినియోగంలో ఉన్నట్టు లెక్క. దాని పక్కనే ఊరి పేరు ముందు 'ఐ లవ్' అని నిలువెత్తు అక్షరాలు. అక్షరాలకు కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

మేమూ ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు. మార్గాంతరాలు సూచించాం. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం మొక్కల కోసం కేటాయించి తీరాలి. కనుక మమ్మల్ని మొక్కలుగా నమోదు చేయమని అర్జీ పెట్టాం. తెల్లవారుజామున నీళ్ళలో నిలబడతాం, ఎండెక్కేలోపు తప్పుకుంటాం, ట్రీగార్డులు అక్కర్లేదు, మేకలు తినవు. బతికిన మొక్కల శాతం కూడా మా వల్ల బాగా పెరుగుతుంది. ఊరి చెరువులో గుర్రపుడెక్కకు ఉన్న బడ్జెట్ గౌరవమైనా మాకు దక్కాలి కదా. దాన్ని తీయించడానికి ఏటా టెండరు పిలుస్తారు, ఏటా అది రెట్టింపై వస్తుంది. మేము అంతగా పెరగం.

అన్నట్టు, పెద్దల ఈత ఏమిటని నవ్వేవాళ్ళకు ఒక మాట. ప్రపంచ ఆక్వాటిక్స్ సంస్థ నిబంధనల్లో 25 ఏళ్ళు నిండినవాళ్ళకు మాస్టర్స్ పోటీలు ఉన్నాయి. రిలేలో నలుగురి వయసులూ కూడి, ఆ మొత్తాన్ని బట్టి వర్గం నిర్ణయిస్తారు. వయసు పెరిగినకొద్దీ పనికొచ్చే ఆట అది. మా టీచరమ్మ జట్టు 200 నుంచి 239 వర్గంలోకి వస్తుంది. పతకాల ఆశ మాకు లేదు. నాలుగు వయసులు కలిస్తే ఒక జట్టు అవుతుందని ఎక్కడో ఒకచోట రాసి ఉన్నందుకు సంతోషం, అంతే.

ఈ పెద్దలంతా ఇప్పుడెందుకు నేర్చుకుంటున్నారు, చిన్నప్పుడేం చేశారు? చిన్నప్పుడు మోటబావులు ఉండేవి. మగపిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, మేనమామ వెనుక నుంచి తోసేసేవాడు. వారం తిరిగేలోగా బుర్రలు విప్పేవారు. ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని అన్నల బట్టలకు కాపలా కాసేవారు. తర్వాత బోర్లు వచ్చాయి. బావులు ఎండాయి, పూడాయి, వాటి మీద ప్లాట్లు లేచాయి. బట్టలకు కాపలా కాసిన ఆ ఆడపిల్లలే ఇప్పుడు యాభైలు దాటి మా కొలనుకు వస్తున్నారు. మొదటి రోజు మెట్టు మీద కూర్చుని కాళ్ళు కూడా తడపనివాళ్ళు, నెలలు గడిచాక వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తారు. కూరగాయలమ్మే ఒక పెద్దమ్మ నాతో అన్నది: "బిడ్డా, నా బరువు ఇంకొకరు మోయడం ఇదే మొదలు."

ఆ పెద్దమ్మను ఏ ఫొటోలోనూ పట్టుకోలేకపోయారు. సరే. కానీ ఇంతకుమించి నవ్వుతూ రాయడం నా వల్ల కాదు.

మా ఊరికి సాగర్ ఎడమ కాలువ కూతవేటు దూరం. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు అక్కడికే పోతారు, ఇంకెక్కడికి పోతారు? కాలువ గట్లకు సిమెంటు లైనింగు. ఏటవాలు, దాని మీద పాకుడు. గట్టు చేతికందేంత దగ్గరలో కనిపిస్తుంది, పట్టు మాత్రం దొరకదు. నీళ్ళు ఈడ్చుకుపోతాయి. మునిగే మనిషి సినిమాలో మాదిరిగా కేకలు పెట్టడు. నోరు నీటి మట్టానికి పైన నిలవదు, కేక ఎక్కడిది? ఒక పిల్లవాడు జారితే అన్న దూకుతాడు, అన్న కోసం తండ్రి దూకుతాడు. మర్నాడు పేపరులో మూడు ఫొటోలు వరుసగా. ఐక్యరాజ్యసమితి జూలై 25ను మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. 2021లో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షల మంది మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నివారణ మార్గాల్లో ఈత నేర్పడం ఒకటని, చూసినవారికి సురక్షితంగా కాపాడే పద్ధతి నేర్పడం మరొకటని ఆ సంస్థే చెబుతోంది. మా బృందం వేసవిలో పిల్లలకు నేర్పేది సరిగ్గా ఇదే: దూకవద్దు, చున్నీ విసరు, పంచె విసరు, మూత బిగించిన ఖాళీ సీసా విసరు, నీళ్ళలో పడితే ముందు తేలు. మున్సిపాలిటీ చేసింది ఏమిటి? కాలువ గట్టున బోర్డు పాతింది. "లోతు ఎక్కువ, దిగరాదు." చదువుకున్న నీళ్ళైతే ఆగుతాయి కాబోలు!

వినాయక నిమజ్జనానికి చెరువు గట్టున గజ ఈతగాళ్ళుగా నిలబడేది ఎవరనుకున్నారు? ఈ వినియోగంలో లేని పెద్దలే. రాత్రంతా నడుములోతు నీళ్ళలో, ట్యూబులు మెడకేసుకుని, తాగివచ్చిన కుర్రాళ్ళను జుట్టు పట్టి గట్టుకు లాగింది వీళ్ళే. పోయిన భాద్రపదంలో వీళ్ళకు వేదిక మీద శాలువాలు కప్పారు. కప్పిన చెయ్యీ, కేటాయింపు కొట్టేసిన చెయ్యీ ఒకటే. ఆ చేతికి సిగ్గు లేదా అని అడగాలని ఉంది. అడుగుతున్నాను కూడా.

ఈ ఏటి లేఖ మొన్ననే వచ్చింది. నిమజ్జన బందోబస్తుకు ఈతగాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు వెంటనే పంపవలెనని. రెండు నెలలుగా నీళ్ళలో దిగని భుజాలు ఒక రాత్రంతా ఎలా పని చేస్తాయో అందులో లేదు. బృందంలో కుర్రవాళ్ళు వెళ్ళవద్దన్నారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఎవరి పిల్లలో మునుగుతుంటే మనం ఇంట్లో కూర్చోగలమా అన్నారు. కూర్చోలేమని మున్సిపాలిటీ వాళ్ళకూ తెలుసు. వాళ్ళ బడ్జెట్ నిలబడింది దాని మీదే.

పేర్లు పంపాం. శాలువాలు మాత్రం వద్దని, వాటి డబ్బు క్లోరిన్ ఖాతాలో వేసి రసీదు ఇవ్వమని కింద రాశాం.