మళ్లీ ఎందుకు దింపారు?

స్కూలు కబడ్డీ పోటీలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కూతకు వెళ్లిన పిల్లాణ్ని నలుగురు కలిసి పట్టేస్తారు. తల నేలకో, పక్కవాడి మోకాలికో కొట్టుకుంటుంది. లేచి రెండడుగులు వేసి తడబడతాడు, చూపు ఎటో ఉంటుంది. ఎవరో పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్లు కొడతారు. ‘ఏం కాలేదులేరా, ఆడతావా?’ అని పీఈటీ సారు అడుగుతారు. చుట్టూ ఊరంతా అరుస్తుంటే పద్నాలుగేళ్ల పిల్లాడు ఆడనని అంటాడా? తలూపి మళ్లీ కూతకు వెళ్తాడు. చప్పట్లు మోగుతాయి.

ఆ చప్పట్లు కొట్టే పెద్దవాళ్లతోనే మా గొడవ.

తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే డాక్టర్లు దాన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పక్కర్లేదు, రక్తం కారక్కర్లేదు. సీటీ స్కాన్ మామూలుగానే వస్తుంది కాబట్టి ‘స్కాన్‌లో ఏమీ లేదటండీ’ అనుకుని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అది ఎన్నాళ్లకు తగ్గుతుందనేది పిల్లవాణ్ని బట్టి మారుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో తలనొప్పి, మగత, కళ్లు తిరగడం ఎంత ఎక్కువగా ఉంటే కోలుకోవడం అంత ఆలస్యం. ఇంతకుముందు ఇలాంటి దెబ్బ తగిలినా, మైగ్రేన్ ఉన్నా, డిప్రెషన్, ఆందోళన వంటివి ఉన్నా ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. హైస్కూలు వయసు పిల్లలు పెద్దవాళ్లకంటే నెమ్మదిగా కోలుకుంటారు.

వీటిలో వేటినీ మనం మార్చలేం. దెబ్బ తగిలిన నిమిషంలో పిల్లాణ్ని బయటకు తీసుకురావడం మాత్రం పూర్తిగా మన చేతిలోని పని. అమెరికాలో 69 మంది యువ క్రీడాకారులపై జరిగిన ఒక అధ్యయనం 2016లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చింది. వెంటనే ఆట ఆపినవాళ్లు సగటున 22 రోజుల్లో కోలుకున్నారు. దెబ్బతోనే ఆడినవాళ్లకు 44 రోజులు పట్టింది. రెట్టింపు! అన్ని రోజులు పాఠం తలకెక్కక, వెలుతురు చూడలేక, చిన్న మాటకే చిరాకు పడే పిల్లాణ్ని తల్లి భరించాలి. మళ్లీ దింపినవాళ్లు ఆ పాటికి ఇంకో టోర్నీలో ఉంటారు.

ప్రతి దెబ్బకూ పక్కన కూర్చోబెడితే ఆటలెలా సాగుతాయని కోచ్‌లు అడుగుతారు. పిల్లలు ఆడాలనే మేమూ కోరుకుంటున్నాం. కానీ తల సంగతి మోకాలి గీరుడు లాంటిది కాదు.

స్టార్ల విషయంలో మనకు ఈ తేడా బాగానే తెలుసు. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకు తగిలి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ కూలిపోయాడు. పక్కనే డాక్టరు, చేతిలో పరీక్షలు. అన్నీ పాసై గంటలోపే మళ్లీ క్రీజులోకి వచ్చాడు. మర్నాడు లక్షణాలు బయటపడితే అతని బదులు లబుషేన్ దిగాడు. అంత వైద్య బలగం ఉన్నచోటే మర్నాటిదాకా బయటపడనిది, మొహాన నీళ్లు కొట్టి ‘ఆడతావా?’ అని అడిగితే తేలుతుందా? 2025 జనవరిలో పుణెలో తలకు బంతి తగిలిన శివమ్ దూబే బదులు హర్షిత్ రాణాను దింపితే, ఆల్‌రౌండర్ స్థానంలో ఫాస్ట్ బౌలరేమిటని రోజుల తరబడి వాదించుకున్నాం. తలకు దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకరిని దింపే నిబంధనలోని అక్షరం అక్షరం మనకు కంఠతా. మన పక్క వీధి స్కూల్లోని పిల్లాడికి ఏ నిబంధనా లేదని మాత్రం ఎవరికీ పట్టలేదు. లక్షల జీతం ఉన్న తలకు ఒక రూలు, హాస్టల్ అన్నం తిని ఆడే తలకు ఇంకో రూలా?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ దెబ్బ తగిలిన రోజే మళ్లీ మైదానంలోకి దిగి ప్రాణం మీదకు తెచ్చుకున్నాడు. అతని పేరు మీదే 2009లో చట్టం వచ్చింది. అనుమానం వస్తే వెంటనే బయటకు పంపాలి, వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా మళ్లీ ఆడించకూడదు. ఐదేళ్లలో ఆ దేశంలోని రాష్ట్రాలన్నీ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన కంకషన్ నిపుణుల మాటా అదే: ఆ రోజు ఆట వద్దు. మొదటి ఒకటి రెండు రోజులు తేలిక పనులు, నడక మాత్రమే, తర్వాత మెట్టు మెట్టుగా సాధన, డాక్టరు సరేనన్నాకే మళ్లీ పట్టులోకి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టమని వాళ్లూ చెప్పడం లేదు.

మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం లేదు. దీనికి కోట్లేమీ అక్కర్లేదు, విద్యాశాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ పోతుందన్న టెన్షన్‌తో పిల్లలు నొప్పి దాస్తారని అధికారులకు తెలియదా? తెలిసీ నిర్ణయం పిల్లాడి నోటికే వదిలేశారు. క్రీడాజ్యోతి వెలిగించి ఫొటోలు దిగే పెద్దమనుషులు వచ్చే జిల్లా పోటీల్లో కప్పు ఇచ్చేముందు పీఈటీని ఒక్క మాట అడగాలి: తలకు దెబ్బ తగిలిన పిల్లాడు ఇప్పుడు బెంచీ మీద ఉన్నాడా, కోర్టులో ఉన్నాడా?