సవరణ: ప్రాబబ్లీ ఎప్పుడూ విల్ తర్వాతేనా?

దట్, బికాజ్‌లతో మొదలయ్యే ఇంగ్లిష్ ఉపవాక్యాల్లో క్రియావిశేషణం (ప్రాబబ్లీ, రియల్లీ లాంటి మాట) ఎప్పుడూ విల్, కెన్ లాంటి మోడల్ క్రియల తర్వాతే రావాలని మొన్న రాశాను. ఆ "ఎప్పుడూ" నా తొందరపాటు.

"ఐ థింక్ దట్ షి విల్ ప్రాబబ్లీ కమ్" మామూలు వరసే, అందులో మార్పు లేదు. కానీ విల్ కాస్తా వోంట్ అయితే ప్రాబబ్లీ సాధారణంగా ముందుకొస్తుంది: "దట్ షి ప్రాబబ్లీ వోంట్ కమ్". ప్రధాన క్రియ కమ్‌ను వదిలేసినా అంతే: "ఐ థింక్ షి ప్రాబబ్లీ విల్".

రియల్లీతో మాత్రం అర్థమే మారిపోతుంది. "బికాజ్ ఐ రియల్లీ కాంట్ సింగ్" అంటే నాకు పాట అస్సలు రాదని. "బికాజ్ ఐ కాంట్ రియల్లీ సింగ్" అంటే ఏదో అంతంతమాత్రమని. (నా విషయంలో మొదటిదే నిజం.) పాత పోస్టులో "ఎప్పుడూ" అన్న వాక్యం కొట్టేశాను.