ఫ్రెంచి ప్రేమలు వయా లండన్

డ్యూమా రాసిన ఫ్రెంచి నవల 'త్రీ మస్కటీర్స్' మొదటిసారి ఇంగ్లీషులో చదివినప్పుడు ఒక చోట ఆగిపోయాను. కథానాయకుడు డార్టన్యాన్ చీకట్లో వేరే ప్రభువు పేరు చెప్పుకుని మిలేడీ అనే ఆవిడ గదిలోకి వెళ్తాడు. ఏవో నాలుగు మాటలు. ఆమె తన వేలికున్న నీలం ఉంగరం తీసి ఇస్తుంది. ఆ తర్వాత ఒక రాత్రి ఆమె దగ్గరే ఉండి అసలు సంగతి ఒప్పేసుకుంటాడు. ఆమె మీద పడి కొడుతుంది. పెనుగులాటలో భుజం మీది బట్ట చిరిగి, నేరస్థులకు కాల్చి వేసే లిల్లీపువ్వు ముద్ర బయటపడుతుంది. ఇక కత్తి తీసుకుని చంపడానికే వెంటపడుతుంది. ముద్ర బయటపడితే చంపబోయిందంటే సరే, అంతకు ముందు అంత కోపం ఎందుకు? మాట్లాడి వెళ్లినందుకా? ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద కొన్న పాత పుస్తకం కదా, మధ్యలో పేజీలు ఊడాయేమోనని లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి.

ఆ రెండు రాత్రులూ వాళ్లిద్దరూ ఒకే మంచం మీద ఉన్నారు. డ్యూమా 1844లో ప్యారిస్ పత్రికలో సీరియల్‌గా రాసినప్పుడు ఈ సంగతి దాచలేదు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు అనువాదకులు మాత్రం మర్యాద కోసం పడకను తీసేసి పగను ఉంచారు. 2006లో కొత్తగా అనువదించిన రిచర్డ్ పెవియర్ ఈ విషయం ముందుమాటలోనే చెప్పారు. కాపీరైట్ లేని పాత అనువాదాలే చవకగా దొరుకుతాయి కాబట్టి ఇప్పటికీ చాలామంది చేతికి వచ్చేది ఆ కత్తిరించిన మస్కటీర్లే. మనకు ఫ్రెంచి నవల అంటే ఎక్కువగా ఇంగ్లీషు దారిన వచ్చినదే. ఆ దారిలో సరుకు ఎక్కడ తరిగిందో చూసుకునే అలవాటు మనకు లేదు.

నూరేళ్ల తర్వాత గాలి పూర్తిగా తిరిగింది. 1950ల చివర్లో వచ్చిన 'ఆంజెలిక్' అనే ఫ్రెంచి నవల సంగతి చూడండి. పద్నాలుగో లూయీ కాలం. పువాటూ ప్రాంతంలో చితికిపోయిన జమీందారీ ఇంటి పిల్లను తులూజ్‌లోని ఒక కుంటి ప్రభువుకిచ్చి పెళ్లి చేస్తారు. అతని ముఖం మీద గాట్లు, బుర్ర నిండా సైన్సు. సీసంతో కరిగించి ఖనిజంలోంచి బంగారం వేరు చేస్తాడు. ఆ విద్యే క్షుద్రవిద్య అని అతని మీద కేసు పెడతారు. ఆ విచారణ భాగం నన్నడిగితే నవలకు గుండెకాయ: రాజుకు తన కంటే వైభవంగా బతికేవాడంటే గిట్టదు, చర్చికి ప్రయోగశాల గిట్టదు, ఇద్దరికీ కలిపి ఒకే మనిషి దొరికాడు. ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ అట్ట మీద ఇదేమీ కనిపించదు. జారిన జాకెట్టు, ఎగిరే జుట్టు. డ్యూమా దగ్గర దాచిన మంచాన్ని ఇక్కడ అట్ట మీదికే ఎక్కించారు.

రచయిత్రి పేరు కూడా మారింది. రాసింది తానేనని, భర్త సెర్జ్ చరిత్ర పరిశోధనలో తోడు నిలిచారని ఆన్ గోలన్ చెబుతూ వచ్చారు. ఫ్రెంచిలో ఇద్దరి పేర్లూ వేశారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ కలిపి 'సెర్జాన్ గోలన్' అనే, ఎక్కడా లేని మనిషిని తయారుచేశారు. అసలు సిరీస్ పదమూడు పుస్తకాలు. ఇంగ్లీషులో పదింటితో ఆగిపోయింది. 1985లో ఫ్రెంచిలో కథ ముగిసింది, ఇంగ్లీషు పాఠకులు మాత్రం మధ్యలోనే ఉండిపోయారు. హక్కుల కోసం ఆవిడ ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి కోర్టులో పోరాడి, ఎనభై దాటాక వాటిని దక్కించుకున్నారు. ఆ తర్వాత పాత పుస్తకాలనే మళ్లీ విస్తరించి రాయడం మొదలుపెట్టారు. 2017లో పోయారు.

ఇవన్నీ కనిపించే తరుగులు. కనిపించనిది ఇంకోటుంది. మేడమ్ ద లాఫాయెట్ రాసిన 'లా ప్రెన్సెస్ ద క్లేవ్' అనే నవల, పదహారో శతాబ్దపు రాజసభ కథ, 1678లో రచయిత్రి పేరు లేకుండా వచ్చింది, మరుసటేడే ఇంగ్లీషులోకి వెళ్లింది. ఫ్రెంచివాళ్లకు ఇది ఎంత సొంతమంటే, ఉద్యోగ పరీక్షల్లో ఈ నవల ఎందుకని ఫ్రెంచి నాయకుడు సర్కోజీ వెటకారం చేశాక, 2009లో జనం వీధుల్లో నిలబడి వంతులవారీగా బిగ్గరగా చదివి నిరసన తెలిపారు. అందులో పెద్ద సన్నివేశం ఇది: కూలొమ్మియే తోటలో భార్య భర్త మోకాళ్ల ముందు కూలబడి, తన మనసు మరొకరి మీదికి పోయిందని, అందుకే రాజసభకు దూరంగా ఉండనివ్వమని అడుగుతుంది. పేరు మాత్రం చెప్పదు. ఆ 'మరొకరు' పక్కనే దాక్కుని వింటూ ఉంటాడు.

ఆ క్షణంలో కూడా ఇద్దరూ ఒకరినొకరు 'వూ' అనే అనుకుంటారు, అంటే 'మీరు'. భర్త గుండె పగిలినా ఆ మర్యాద తప్పడు. ఇంగ్లీషులో అది 'యూ' అయిపోయి, గౌరవం, చనువు, దూరం అన్నీ ఒకే ముద్దగా మారతాయి. పాపం ఇంగ్లీషువాడికి వేరే దారి లేదు. మనకుంది. నువ్వు, మీరు రెండూ మన నోట్లోనే ఉన్నాయి, ఫ్రెంచి నుంచి నేరుగా తెచ్చుకుంటే ఈ సన్నివేశం ఇంగ్లీషులో కంటే తెలుగులోనే బాగా కుదురుతుంది. కానీ ఇంగ్లీషు ప్రతి ముందు పెట్టుకుని రాస్తే, అలవాటు కొద్దీ భార్య చేత 'మీరు' అని, భర్త చేత 'నువ్వు' అని అనిపించేస్తాం. అంతే, పదహారో శతాబ్దపు ప్రభువు కాస్తా రాత్రి ఎనిమిదింటి సీరియల్‌లో మొగుడైపోతాడు.